ఆరు మామిడి పండగలు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మాదాపూర్‌లో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున మేం బయలుదేరేటప్పుడు హాస్టల్ గేటు దగ్గర ఇద్దరు అమ్మాయిలు ఫోన్ చూస్తూ నిలబడ్డారు. ఒకమ్మాయి "ఎన్ని?" అంది. రెండో అమ్మాయి "ముప్పై తొమ్మిది, పెరుగుతోంది" అంది. వాచ్‌మన్‌కు అర్థం కాలేదు, బంగారం ధర అనుకున్నాడో ఏమో. మాకు అర్థమైంది. ఈ హాల్లో ఉన్న మీలో సగం మందికి కూడా అర్థమైంది, నవ్వుతున్నారు. జూలై, ఆగస్టు వచ్చిందంటే భద్రాచలం దగ్గర గోదారి ఎన్ని అడుగులుందో చూడకుండా మనకు నిద్ర పట్టదు. నలభై మూడు దాటితే మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకు మూడోది. ఎక్కాలు మర్చిపోయినవాళ్లకు కూడా ఈ మూడు అంకెలు గుర్తుంటాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు. 2022 జూలై 16న 71.3 అడుగులు. ఆ మొదటిదానికి మేం చిన్నపిల్లలం, మా నాయన భుజం మీద కూర్చుని కొండెక్కిన గుర్తు. రెండోదానికి మేం ఈ నగరంలోనే ఉన్నాం. హాస్టల్లో పిల్లలు రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు, అవతల సిగ్నల్ లేదు.

మమ్మల్ని ఈ రోజు "మన ఊరు, మన సంస్కృతి" మీద మాట్లాడమన్నారు. సంస్కృతి గురించి మా కంటే బాగా చెప్పేవాళ్లు ఉన్నారు. ఇంతకు ముందు మన కోయ పిల్లలు కొమ్ము నృత్యం చేశారు, చాలా బాగుంది. మేం ఊరి గురించే మాట్లాడతాం. అందులో మా తప్పొకటి ఉంది, అదీ చెబుతాం.

మాది కొండరెడ్ల కుటుంబం. వేలేరుపాడు మండలంలో గోదారి ఒడ్డు. పాపికొండలు చూడడానికి వెళ్లినవాళ్లు మీలో ఉంటారు. పోచవరం రేవులోనో, రాజమండ్రి వైపు నుంచో లాంచీ ఎక్కి, మధ్యాహ్నానికి పేరంటపల్లిలో దిగి, ఆశ్రమంలో శివుడికి దండం పెట్టుకుని, కొండ మీద నుంచి పడే నీళ్లు తాగి, వెదురుతో చేసిన పూలు, బొమ్మలు కొనుక్కుని వచ్చి ఉంటారు. ఆ వెదురు పూలు అమ్మే ఆడవాళ్లు మా బంధువులు. 1920ల్లో బాలానంద స్వామి అక్కడికి వచ్చి స్థిరపడి రామకృష్ణ మునివాటం కట్టారు. 1940ల మొదట్లో వియన్నాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త ఆ కొండల్లో తిరిగి, మన వాళ్లతో ఉండి, 1945లో కొండరెడ్ల మీద ఒక పుస్తకం అచ్చు వేయించారు. పాపికొండలను ఇంగ్లీషులో బైసన్ హిల్స్ అనేవాళ్లు, పుస్తకం పేరులోనూ అదే ఉంది. కలప, వెదురు వ్యాపారుల అప్పుల్లో మన తాతలు ఎలా చిక్కుకున్నారో ఆయన రాశారు. మీ ఆఫీసుల్లో ఇంటర్నెట్ బాగుంటుంది కదా, వెతికి చదవండి. మన తాతల గురించి మనం ఇంగ్లీషులో చదువుకోవాల్సి రావడం కొంచెం సిగ్గుగానే ఉంటుంది, అయినా చదవండి.

మేం పుట్టి పెరిగినప్పుడు ఊరికి రోడ్డు లేదు. గోదారే రోడ్డు. లాంచీయే బస్సు. లాంచీ కూత వినబడితే పనులు వదిలేసి రేవులోకి పరుగు. ఉప్పు, కిరసనాయిలు, చీరలు, ఉత్తరాలు, పెళ్లి సంబంధాలు అన్నీ దాంట్లోనే దిగేవి. మనం ఎక్కించేవి చింతపండు, కొండచీపుర్లు, కరక్కాయలు, అడ్డాకులు, వెదురు. కొండవాలులో పోడు కొట్టి సామలు, జొన్నలు, కందులు చల్లేవాళ్లం. వరద తగ్గాక ఒడ్డున ఒండ్రు మీద మిరప వేసేవాళ్లు. జీలుగు చెట్టు ఎవరింటికి ఎన్ని ఉన్నాయో దాన్ని బట్టి ఆ ఇంటి పరువు ఉండేది. చెట్లు లెక్కపెట్టి పిల్లనిచ్చేవాళ్లు, మీరిప్పుడు ప్యాకేజీ ఎన్ని లక్షలని అడుగుతున్నట్టు. ఎండాకాలం చివర గింజలు అయిపోతే మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడి నానబెట్టి, చేదు విరగ్గొట్టి, పిండి చేసి అంబలి కాచేది మా అమ్మ. ఆ చేదు పూర్తిగా పోదు. ఇప్పటికీ నాలుక మీద ఉంది.

ఊరు స్వర్గం అని చెప్పడానికి మేం రాలేదు. నగరంలో పదేళ్లుంటే ఊరు బంగారంలా కనిపించడం మొదలవుతుంది, అది మనందరికీ ఉన్న జబ్బే. మలేరియా ప్రతి ఇంట్లో ఒకరిని తీసుకుపోయింది. నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచం మీద మోసుకుని రేవుకు తెచ్చి, లాంచీ వెళ్లిపోయిందని తెలిసి అక్కడే ఇసుకలో కూర్చుండబెట్టిన రోజులు చూశాం. మా పిన్ని అలాగే పోయింది. రోడ్డు కావాలి, ఆసుపత్రి కావాలి, కరెంటు కావాలి అని మన పెద్దలు అడిగింది దశాబ్దాల పాటు. చివరికి వచ్చింది ఆనకట్ట.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. మా ఊరు ఒక్క అంగుళం కదల్లేదు. కానీ దాని చిరునామా ఎన్నిసార్లు మారిందో చూడండి. మా ముత్తాత కాలానికి మా ఒడ్డు నిజాం రాజ్యం, ఎదురొడ్డు బ్రిటిష్ వాళ్ల మద్రాసు. నిజాం పోయాక హైదరాబాద్ రాష్ట్రం, వరంగల్ జిల్లా. 1953లో ఖమ్మం జిల్లా పుట్టింది, అందులోకి వెళ్లాం. 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. 2014లో తెలంగాణ వచ్చింది, మేమూ సంబరపడ్డాం. కానీ రాష్ట్రం రావడానికి నాలుగు రోజుల ముందు, మే 29న ఆర్డినెన్సు వచ్చింది. పోలవరం ముంపు కోసమని భద్రాచలం చుట్టూ ఉన్న మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం తూర్పు గోదావరికి, కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరికి వెళ్లాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది, దాని చుట్టూ ఊళ్లు అటు పోయాయి. 2022 ఏప్రిల్ 4న మళ్లీ జిల్లాలు మారాయి, మా వైపు ఏలూరు జిల్లా అయింది, ఎదురొడ్డు అల్లూరి సీతారామరాజు జిల్లా.

మేం ఉద్యోగరీత్యా ఇటు ఉండిపోయాం. ఊరు అటు వెళ్లింది. మా అన్న పిల్లలు అక్కడ లోకల్, మా పిల్లలు ఇక్కడ లోకల్. ఒకే తాత మనవలు రెండు రాష్ట్రాల్లో దరఖాస్తులు పెట్టుకుంటున్నారు. మీలో కూడా ఆ ఇబ్బంది పడ్డవాళ్లు ఉన్నారని మాకు తెలుసు. భద్రాచలంలో చదివి, హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుని, తీరా నోటిఫికేషన్ వచ్చాక "మీరు నాన్ లోకల్" అనిపించుకున్నవాళ్లు.

పోలవరం గురించి మీకు కొత్తగా చెప్పేది తక్కువ. 1981లో శంకుస్థాపన జరిగింది, అసలు పనులు 2004 తర్వాత మొదలయ్యాయి, 2014 చట్టంలో జాతీయ ప్రాజెక్టు అయింది. నిండు మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. మూడు వందల డెబ్బైకి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు ముంపు లెక్కలో ఉన్నాయి. దాన్ని రెండు భాగాలు చేసి, 41.15 మీటర్ల లోపు వాళ్లను ముందు లేపాలని నిర్ణయించారు. ఎవరు 41.15 లోపు, ఎవరు పైన అనేది కాగితం మీది గీత. గోదారికి ఆ గీత తెలియదు. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. ఆ మరుసటి ఏడాది జూలై వరదలో "మీరు రెండో విడత, మీకింకా టైముంది" అని చెప్పించుకున్న ఊళ్లలోకి కూడా నీళ్లొచ్చాయి. ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అని ఇక్కడ వాదించడానికి మాకు సమయం లేదు. కింద డెల్టాలో రైతులున్నారు, వాళ్ల అవసరం వాళ్లది. మా మాట అంతా లేచిపోయినవాళ్ల లెక్క గురించే.

ఇప్పుడు మా తప్పు.

టీచర్ ట్రైనింగ్ అయ్యాక మాకు మొదటి పోస్టింగ్ ఏజెన్సీలోనే, ఒక ఆశ్రమ పాఠశాలలో. జూన్‌లో బడి తెరవగానే టీచర్లం ఊరూరా తిరిగి పిల్లలను చేర్పించేవాళ్లం. ఒకరోజు ఒక తల్లి కొడుకును తీసుకొచ్చింది. రిజిస్టరు ముందు పెట్టుకుని "పుట్టిన తేదీ ఏంటమ్మా?" అని అడిగాం. ఆమె "ఆరు మామిడి పండగలు చూశాడు తల్లీ" అంది. మీకు తెలుసు కదా, మనలో మామిడి పండగ చేసి, కొత్త కాయ దేవతకు పెట్టేదాకా ఎవరూ మామిడికాయ కొరకరు. ఆ తల్లికి పండగ తప్పదు, కాబట్టి లెక్కా తప్పదు. ఆరు పండగలంటే పిల్లవాడికి ఆరేళ్లు నిండినట్టే.

మేం నవ్వాం. ట్రైనింగులో నేర్చుకున్న తెలివి ఒకటి ఉంటుంది, దానికి తోడు సీనియర్లు నేర్పిన తెలివి ఇంకొకటి. వయసు ఒక ఏడాది తగ్గించి రాస్తే రేపు గవర్నమెంటు ఉద్యోగానికి పనికొస్తుందని అప్పట్లో అందరు టీచర్లూ అనుకునేవాళ్లు. మంచి చేస్తున్నామనే అనుకున్నాం. ఒక ఏడాది తగ్గించి, జూలై ఒకటో తేదీ అని రాసేశాం. ఆ రోజు చేరిన పిల్లల్లో చాలామందికి అదే తేదీ. మీ ఆఫీసు హెచ్ఆర్ వాళ్లు మన ఏజెన్సీ పిల్లల కాగితాలు చూసి, వీళ్లందరూ జూన్, జూలైల్లోనే పుడతారా అని ఆశ్చర్యపడే ఉంటారు. పుట్టలేదు, మేం పుట్టించాం.

కొన్నేళ్లు తిరిగేసరికి ముంపు కుటుంబాల జాబితాలు తయారయ్యాయి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి మనిషీ, పెళ్లయినా కాకపోయినా, వేరే కుటుంబం కిందే లెక్క. వేరే కుటుంబమైతే వేరే ఇల్లు, వేరే ప్యాకేజీ. అధికారులు ఒక తేదీ పెట్టుకుని ఆ నాటికి ఎవరికి పద్దెనిమిది నిండాయో చూశారు. వయసుకు రుజువు ఏం అడుగుతారు? బడి సర్టిఫికెట్. ఆ అబ్బాయికి నిజంగా పద్దెనిమిది నిండాయి. మా రిజిస్టరులో నిండలేదు. తల్లి వెళ్లి అక్కడి బల్ల ముందు మళ్లీ మామిడి పండగలు లెక్కపెట్టి చెప్పిందట. ఈసారీ ఎవరో నవ్వే ఉంటారు.

ఇదంతా మాకు చాలా కాలం తెలియదు. రెండేళ్ల కిందట ఒక రాత్రి మా హాస్టల్ అమ్మాయికి జ్వరం వస్తే గచ్చిబౌలి నుంచి క్యాబ్ బుక్ చేశాం. ఎక్కాక డ్రైవర్ అద్దంలోంచి చూసి "మేడం, మీరు ఫలానా బళ్లో పని చేశారు కదా" అన్నాడు. అవునన్నాం. సంతోషపడ్డాం. ఊరు, వాళ్లు, వీళ్లు అన్నీ మాట్లాడుకున్నాం. బయోడైవర్సిటీ జంక్షన్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు "నా పుట్టినరోజు రాసింది మీరే మేడం" అన్నాడు. కోపంగా అనలేదు. చిన్న నవ్వుతోనే అన్నాడు. అప్పుడు మొత్తం చెప్పాడు. అమ్మానాన్నలకు కాలనీలో ఇల్లొచ్చింది, అందులో తమ్ముళ్లు ఉంటున్నారు. అన్న అని పేరుకే, తనకంటూ అక్కడ ఏమీ లేదు. అందుకే ఇటు వచ్చాడు. దిగేటప్పుడు డబ్బులిస్తే తీసుకోనన్నాడు, బలవంతం చేసి ఇచ్చాం. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదని ప్రత్యేకంగా చెప్పాలా? ఈ రోజు ఆ అబ్బాయిని కూడా రమ్మన్నాం. డ్యూటీ ఉందన్నాడు. ఈ కథ చెప్పుకోమని మాత్రం అనుమతి ఇచ్చాడు, పేరు వద్దన్నాడు.

ఎంతమంది పిల్లలకు అలా రాశామో మాకే తెలియదు. మా ఒక్కరి సంగతి కాదు, ఏజెన్సీలో పని చేసిన ఏ టీచర్ని అడిగినా ఇలాంటిది ఒకటి చెబుతారు, నిజం చెప్పే ధైర్యం ఉంటే.

తమ్ముళ్లూ, మీకు ఈ కథ ఎందుకంటే, మన ఊళ్లో అమ్మ నోటితో చెప్పిన మాటకూ ఆఫీసులో కాగితం మాటకూ మధ్య నిలబడగలిగిన మొదటి తరం మీరే. మేం నిలబడ్డాం, కానీ కాగితం వైపు నిలబడ్డాం. మీకు రెండూ తెలుసు. మీలో కొందరు రోజూ చేసే పనే డేటా సరిచేయడం. ఎవరి డేటానో సరిచేస్తారు, ఎక్కడో అమెరికాలో ఎవరి ఇన్సూరెన్సు కాగితంలోనో తప్పుంటే పట్టుకుంటారు. మీ నాయనమ్మ ఆధార్ కార్డులో పుట్టిన సంవత్సరం చూశారా ఎప్పుడైనా? మీ నాన్న పేరు పట్టాలో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా, మీ పదో తరగతి మెమోలో ఇంకోలా లేదా? చేతులెత్తమంటే సగం హాలు ఎత్తుతుంది.

ఇంకో సంగతి మనవాళ్లకు తక్కువ తెలుసు. 2006 అటవీ హక్కుల చట్టం కింద, 2005 డిసెంబర్ 13 నాటికి అడవిలో సాగులో ఉన్న ఆదివాసీకి హక్కు అడిగే వీలుంది. దానికి రుజువుగా ఏమేం చూపించవచ్చో నియమాల్లో రాసి ఉంది. అందులో పట్టాలు, రసీదులే కాదు, ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ రుజువే. పాత ఇంటి గుర్తులు, శ్మశానాలు, దేవతల తావులు కూడా రుజువే. అంటే మీ తాత "ఫలానా బండ దగ్గర మా నాయన పోడు కొట్టాడు, ఫలానా చింతచెట్టు కింద మా అమ్మను పూడ్చాం" అని చెబితే, దాన్ని రాసి ఆయన వేలిముద్ర తీసుకుంటే, అది చట్టం గుర్తించే సాక్ష్యం. కథ కాదు. ముంపు చట్టంలో కూడా ఎస్టీలకు సాగునీటి ప్రాజెక్టులో పోయిన భూమికి బదులు భూమి ఇవ్వాలని ఉంది, పోయినంత గానీ రెండున్నర ఎకరాలు గానీ ఏది తక్కువైతే అది. పోయిన భూమి ఎంతో చూపించకపోతే బదులు ఎక్కడి నుంచి వస్తుంది? చూపించగలిగిన ముసలివాళ్లు ఏటా కొంతమంది వెళ్లిపోతున్నారు.

ఇంకొంచెం ఓపిక పట్టండి, భోజనాల వాసన మాకూ వస్తోంది.

ఈ మాదాపూర్ కూడా ఒకప్పుడు ఊరే. కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ అన్నీ ఊళ్లే. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు చుట్టూ బండలూ తుమ్మచెట్లే. ఇక్కడ ఊళ్లు మునగలేదు, వాటి మీద కట్టారు. కానీ పేర్లు మిగిలాయి. మెట్రోలో "తదుపరి స్టేషన్ రాయదుర్గం" అని వినబడుతుంది. ఆ పేరు పెట్టినవాళ్లెవరో మనకు తెలియకపోయినా పేరైతే ఉంది. మన కాలనీల సంగతి చూడండి. నాలుగు ఊళ్ల వాళ్లను ఒకచోట పెట్టి బోర్డు మీద "ఆర్ అండ్ ఆర్ కాలనీ" అని రాస్తారు. మా హాస్టల్లో ఒకమ్మాయి ఉంది, బీటెక్ మూడో ఏడాది. దసరా సెలవులకు ఔటింగ్ రిజిస్టరులో అందరూ ఊరి పేరు రాస్తారు. ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని ఆగిపోయింది. "మేడం, పాత ఊరి పేరు రాయాలా, కాలనీ రాయాలా?" అంది. పాత ఊరికి వెళ్లడం లేదు, అక్కడ ఇల్లు లేదు. కాలనీని ఊరు అనడానికి నోరు రావడం లేదు. మేం ఏం చెప్పాలో తోచక "రెండూ రాయమ్మా" అన్నాం. చిన్న గడి, రెండూ పట్టలేదు.

ఆ అమ్మాయే తర్వాత ఒక పని చేసింది. సెలవుల్లో వాళ్ల నాయనమ్మను కూర్చోబెట్టి, ఫోన్లో మ్యాప్ తెరిచి, ఉపగ్రహ చిత్రంలో వాళ్ల ఊరి ఒడ్డును చూపించి "ఇదేంటి, ఇదేంటి" అని అడిగింది. ముసలామెకు మొదట ఏమీ అర్థం కాలేదట. పై నుంచి చూసిన ఊరు ఎవరికి తెలుస్తుంది? తర్వాత వాగు మలుపు గుర్తుపట్టింది. అక్కడి నుంచి ఆగలేదట. ఎద్దులు కడిగే రేవు వేరు, ఆడవాళ్లు స్నానం చేసే రేవు వేరు, పీనుగను దింపే రేవు వేరు. ఒక్కో బండకు పేరు. వరద ఏ బండ దాకా వస్తే ఇళ్లు ఖాళీ చేయాలో, ఏ బండ మునిగితే పిల్లలతో కొండెక్కాలో లెక్క. భద్రాచలంలో నలభై మూడు, నలభై ఎనిమిది, యాభై మూడు ఉన్నట్టే వాళ్లకు మూడు బండలు. ఆ అమ్మాయి అరవైకి పైగా పేర్లు రాసుకొచ్చింది. ఒక్కటి కూడా సర్వే మ్యాపులో లేదు. ఏ పుస్తకంలోనూ లేదు, హైమన్‌డార్ఫ్ పుస్తకంలో కూడా అవన్నీ ఉండే అవకాశం లేదు.

మేం ఆ నోట్‌బుక్ చూసి ఒకటి అడిగాం. "పోడు కొట్టిన చోట్లు కూడా చెప్పిందా?" అని. చెప్పిందట, మూడు. వాటి మీద వాళ్ల తాత పేరుతో దరఖాస్తు ఎప్పుడూ పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నారు. వస్తుందో రాదో మాకు తెలియదు. కానీ దరఖాస్తుతో పాటు పెట్టడానికి ఆమె వేలిముద్ర వేసిన రెండు పేజీల వాంగ్మూలం ఉంది, తేదీతో సహా.

తేదీ అంటే గుర్తొచ్చింది. ఆ వాంగ్మూలంలో ముసలామె వయసు రాయాల్సిన చోట అమ్మాయి మళ్లీ ఆగింది, మాకు ఫోన్ చేసింది. ఆధార్‌లో అరవై ఎనిమిది ఉంది, నాయనమ్మేమో పెద్ద గోదారి నాటికి తనకు ముగ్గురు పిల్లలు, నాలుగో వాడు కడుపులో అంటోంది, ఏది రాయాలి అని. పెద్ద గోదారి అంటే 1986. ఈసారి మేం నవ్వలేదు. ఆధార్‌లో ఉన్నది అంకెలో రాసి, కింద నాయనమ్మ చెప్పిన మాట చెప్పినట్టే రాయమన్నాం. రెండూ ఉండాలి. చూసేవాళ్లు లెక్క కట్టుకుంటారు.

మీరు ఈ నగరంలో తాగే నీళ్లలో గోదారి నీళ్లు కూడా ఉన్నాయి. 2015 నుంచి ఎల్లంపల్లి దగ్గర తోడి పైపుల్లో తెస్తున్నారు. భద్రాచలానికి ఎగువన తోడేస్తారు, మన ఊళ్ల దాకా రాకముందే. మా హాస్టల్ కుళాయి విప్పినప్పుడల్లా మా వంటామె "మన గోదారేనా అక్కా ఇది?" అని అడుగుతుంది. ఆమెది కూనవరం వైపు, శబరి కలిసే చోటు. "అంతే అనుకో" అంటాం. రుచి మాత్రం క్లోరిన్‌దే.

సంఘం వాళ్లు మాకు పదిహేను నిమిషాలిచ్చారు, మేం ఎక్కువే తీసుకున్నాం. అందుకని ఇప్పుడు చెయ్యాల్సిన పని ఒక్కటే చెప్పి దిగుతాం. భోజనాలయ్యాక తలుపు పక్కన ఒక బల్ల వేసుకుని మేం, ఇంకా ఇద్దరు రిటైర్డ్ టీచర్లు కూర్చుంటాం. మీ పదో తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, ఇంట్లో ఎవరివైనా పట్టా, ప్యాకేజీ కాగితాలు ఫోన్లో ఫోటోలుంటే చాలు, తెచ్చి చూపించండి. పేరు తేడాలు, వయసు తేడాలు ఎక్కడున్నాయో రాసుకుందాం. ఏవి సరిచేయించుకోవచ్చో, దేనికి ఎక్కడికెళ్లాలో మాకు తెలిసినంత చెబుతాం. మీలో లా చదువుతున్న పిల్లలు ముగ్గురున్నారని విన్నాం, వాళ్లూ మాతో కూర్చుంటే బాగుంటుంది. ఊళ్లో అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నవాళ్లు ఇప్పుడే ఒక ఫోన్ చేసి, వాళ్లు ఏం తింటున్నారో అడిగి, ఆ తర్వాత మీరు ఏ పండగ దగ్గర పుట్టారో అడిగి రాసుకుని రండి. సిగ్నల్ లేకపోతే రాత్రికి మళ్లీ ప్రయత్నించండి. నైట్ షిఫ్టుకు వెళ్లాల్సినవాళ్లు, తొమ్మిదింటి భద్రాచలం బస్సుకు టికెట్ తీసుకున్నవాళ్లు ముందు రండి, మిగతావాళ్లు వాళ్లకు దారివ్వండి.